డాబా మీద ప్యానెళ్లు, చేతిలో పాత బిల్లు: దేశానికి ఇంధన విధానం అనేది ఒకటి ఉందా?

కడప ఎండ
సూటిగా విషయానికి వస్తాను. సూర్యఘర్ పథకం కింద డాబా మీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాను. సంక్రాంతి వెళ్లగానే బిగించారు. రోహిణి కార్తె కూడా దాటిపోయింది, ఇంటి నుంచి లైనుకు వెళ్లే కరెంటును కూడా లెక్కించే నెట్ మీటరు రాలేదు. అది లేనిదే ఇన్వర్టరు ఆన్ చేయకూడదట. ఆఫీసుకు వెళితే ఒకరు ‘మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు మీద లోడు ఎక్కువ’ అంటారు, ఇంకొకరు ‘మీటర్లు స్టాకు లేవు’ అంటారు. బ్యాంకు వాయిదా మాత్రం ఠంచనుగా కోసుకుంటోంది.

పేపరు తెరిస్తే 2030 కల్లా బొగ్గు, గ్యాసుతో పనిలేని కరెంటు 500 గిగావాట్లు, 2070 కల్లా నెట్ జీరో (నికరంగా సున్నా కర్బన ఉద్గారాలు). బొగ్గుకు ఒక శాఖ, చమురు, గ్యాసుకు ఒక శాఖ, విద్యుత్తుకు ఒకటి, సౌర, పవన శక్తికి మరొకటి, అణుశక్తి నేరుగా ప్రధాని కింద. వీటన్నిటినీ ఒక తాటి మీదకు తెచ్చే జాతీయ విధానం మన దేశానికి ఉందా, లేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు
ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు. 2006లో ప్రణాళికా సంఘం తరఫున కిరీట్ పారిఖ్ కమిటీ సమగ్ర ఇంధన విధానం నివేదిక ఇచ్చింది. దానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం 2008 చివర్లో దొరికింది. తర్వాత ప్రణాళికా సంఘమే పోయింది. 2017 జూన్‌లో నీతి ఆయోగ్ జాతీయ ఇంధన విధానం ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగింది. ముసాయిదా ముసాయిదాగానే ఉండిపోయింది.

ఈలోపు మిషన్లు మాత్రం వరస కట్టాయి. 2010లో సోలార్ మిషన్, 2018లో జీవ ఇంధనాల విధానం, 2019లో సోలారు పంపుల పథకం కుసుమ్, 2023లో గ్రీన్ హైడ్రోజన్ మిషన్. దేనికి దానికి నిధి, గడువు, లోగో ఉన్నాయి. ఒకదాని లెక్క ఇంకోదానితో కలవాలన్న నియమమే ఎక్కడా లేదు.

గోదారి గట్టు
ఎవరికి వారే యమునా తీరే.

పాత ఏఈ
కడప గారూ, విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని, కాబట్టి రెండు వైపులా చెబుతాను. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. పది కిలోవాట్ల లోపు ఇంటి సోలారుకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క. అయిదు కిలోవాట్ల వరకు లైను, ట్రాన్స్‌ఫార్మరు బలపరచాల్సి వస్తే ఆ ఖర్చు డిస్కముదే, అంటే కరెంటు పంపిణీ సంస్థదే. బిగింపు పూర్తయ్యాక ఒప్పందం, మీటరు, ప్రారంభం అన్నీ పదిహేను రోజుల్లో ముగించాలి. మీకు చెప్పిన రెండు కారణాల్లో ఏదీ చెల్లదు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోండి. పని కాకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు.

ఇక రెండో వైపు. వీధిలో 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఉండి, దాని కింద పది ఇళ్లు మూడేసి కిలోవాట్లు పెట్టాయనుకోండి. మధ్యాహ్నం అందరూ ఆఫీసుల్లో ఉంటారు, ఇళ్లలో వాడకం ఉండదు. కరెంటు వెనక్కి తన్నుతుంది. లైను చివర వోల్టేజి పెరిగి ఇన్వర్టర్లు వాటంతట అవే ఆగిపోతాయి. అప్పుడు అందరూ లైన్‌మన్ మీద పడతారు. నిబంధన ఢిల్లీలో రాశారు, ట్రాన్స్‌ఫార్మరు మార్చే డబ్బు ఇక్కడి డిస్కము ఎక్కడి నుంచి తేవాలో మాత్రం రాయలేదు.

కడప ఎండ
పదిహేను రోజులా! ఆ కాగితం ముద్రించి పట్టుకెళతాను. ధన్యవాదాలు.

మొండి వాదం
చూశారా, నిబంధన ఉంది, అమలు లేదు. మరి ఇంకో విధానం రాస్తే ఏం ఒరుగుతుంది? పుస్తకాల బీరువాలో ఇంకో పుస్తకం చేరుతుంది. పైకప్పు సోలారుకు 2022 కల్లా 40 గిగావాట్లు అని 2015లో లక్ష్యం పెట్టారు. గడువు వచ్చేసరికి నాలుగో వంతు కూడా కాలేదు. ఎవరినైనా అడిగారా? లేదు. ఇంకో పెద్ద లక్ష్యం ప్రకటించారు.

లెక్కల మాస్టారు
మొండి వాదం గారూ, లక్ష్యం వేరు, విధానం వేరు. లక్ష్యం ‘ఎంత’ అని చెబుతుంది. డబ్బు ఎవరు పెట్టాలి, నష్టం ఎవరు భరించాలి, రెండు శాఖలు తగువు పడితే ఎవరి మాట చెల్లాలి అన్నది విధానం తేల్చాలి. మనకు మొదటిది దండిగా ఉంది, రెండోదానికే కరువు. మీరు చెప్పిన ఉదాహరణ నా వాదానికే పనికొస్తుంది.

పాలమూరు రైతు
పట్నం వాళ్ల మీటర్ల గోల అయ్యాక మా మోటార్ల సంగతి కూడా వినండి. మాకు వ్యవసాయ కరెంటు ఉచితం, 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలు ఇస్తామన్నారు. మంచిదే. అంతకుముందు రాత్రిపూట వంతు వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయేవాళ్లం, పాముకాటుకు పోయినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. కానీ ఇరవై నాలుగు గంటలు వచ్చాక ఏమైంది? ఆటో స్టార్టరు పెట్టి ఇంట్లో పడుకుంటే మోటారు రాత్రంతా తోడుతూనే ఉంటుంది. నీళ్లు మడిలోంచి పొంగి బాట మీదికి వస్తాయి. బోర్లు ఎండిపోతుంటే సర్కారే ‘ఆటో స్టార్టర్లు తీసేయండి’ అని బతిమాలింది.

సోలారు పంపు పెట్టుకోమంటారు. మా బోరు లోతు అయిదు వందల అడుగులు. కుసుమ్‌లో ఏడున్నర హార్స్‌పవర్ వరకే సబ్సిడీ లెక్క. ఆ లోతు నుంచి అది ఎంత నీరు ఎత్తుతుందో ఢిల్లీలో లెక్క వేసినవాళ్లు మా చేనుకు వచ్చి చూపించాలి.

మొండి వాదం
ఉచితం అన్నన్నాళ్లూ ఏ విధానమూ నిలవదు. చేదుగా ఉన్నా ఇది నిజం.

పాలమూరు రైతు
మీ బియ్యం ధర కూడా నిజం ధరకు కొనండి, కరెంటు బిల్లు కడతాను.

గోదారి గట్టు
మంచి దెబ్బ.

పాత ఏఈ
ధరల గురించి మాట్లాడేముందు 2000 ఆగస్టు 28 గుర్తుంచుకోవాలి. అప్పట్లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సంస్కరణలు మొదలయ్యాయి. విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. ఛార్జీలు ఒక్కసారిగా పెంచారు. బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004లో ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీదే తొలి సంతకం పెట్టారు. ఆ తర్వాత ఏ పార్టీ దాన్ని ముట్టుకోలేదు, ఇక ముట్టుకోదు. కాబట్టి ఏ జాతీయ విధానమైనా ఉచిత విద్యుత్తు ఉంటుందన్న లెక్కతోనే మొదలవ్వాలి. దాన్ని పగలు సోలారుతో తక్కువ ఖర్చుకు ఎలా ఇవ్వాలి అన్నదే అసలు ప్రశ్న. మహారాష్ట్ర 2017 నుంచి ఈ దారిలోనే ఉంది. రైతుకు పంపు ఇవ్వకుండా సబ్‌స్టేషన్ పక్కనే ప్లాంటు పెట్టి వ్యవసాయ ఫీడరు (పొలాలకు కరెంటు వెళ్లే లైను) మొత్తాన్ని పగటి సోలారు మీద నడుపుతున్నారు. బోరు అయిదు వందల అడుగులైనా పాత మోటారే తిరుగుతుంది.

పాలమూరు రైతు
ఇది బాగుంది. మాకు ఎవరూ చెప్పలేదు.

సింగరేణి బిడ్డ
అందరూ సోలారు సోలారు అంటున్నారు. 2024–25లో దేశం వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది, అంతకుముందు ఏడు కూడా దాదాపు అంతే. ఇది మూతపడే పరిశ్రమ లెక్కలా ఉందా? కానీ మా రామగుండంలో, కొత్తగూడెంలో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూసుకుంటూ ఓపెన్‌కాస్టులు తెరుస్తున్నారు. మనుషులు తగ్గుతున్నారు, ఉత్పత్తి పెరుగుతోంది. బావిలోకి దిగే మా నాన్న షిఫ్టు అయ్యాక ఇంటికి వస్తే కళ్లు మాత్రమే తెల్లగా కనిపించేవి. ఆ ఉద్యోగం పోతే నాకు చింత లేదు, దాని స్థానంలో ఏది వస్తుందో చెప్పేవాడు లేకపోవడమే చింత. ఎన్టీపీసీ రామగుండం జలాశయం మీద వంద మెగావాట్ల తేలియాడే సోలారు పెట్టింది, ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. ప్యానెళ్లు తుడవడానికి ఎంతమంది కావాలి? ఒక్క గని ఇచ్చే కొలువుల్లో పదో వంతైనా వస్తాయా?

లెక్కల మాస్టారు
బొగ్గు మాట వచ్చింది కాబట్టి ఒక కథ చెప్పాలి. విధానం లేకపోవడం అంటే ఏమిటో ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

2010లో బొగ్గు మీద టన్నుకు యాభై రూపాయల సెస్సు వేశారు. పేరు ‘స్వచ్ఛ ఇంధన సెస్సు’. ఆ డబ్బుతో జాతీయ నిధి ఏర్పాటు చేసి పునరుత్పాదక శక్తికి, పరిశోధనకు ఖర్చు పెట్టాలి. ఆలోచన చక్కనిది. మసి చేసేవాడి దగ్గర తీసుకుని మసి తగ్గించేవాడికి ఇవ్వడం. యాభై వంద అయింది, రెండు వందలు అయింది, 2016కి నాలుగు వందలు అయింది. 2017లో జీఎస్టీ వచ్చింది. సెస్సు పేరు మారి, ఆ నాలుగు వందలూ రాష్ట్రాలకు జీఎస్టీ నష్టపరిహారం ఇచ్చే ఖాతాలోకి వెళ్లాయి. 2025 సెప్టెంబరులో ఆ సెస్సు ఎత్తేసేదాకా టన్నుకు నాలుగు వందలు చొప్పున ఏటా ఎన్ని వేల కోట్లు వెళ్లాయో సింగరేణి బిడ్డ గారు చెప్పిన అంకెతో మీరే గుణించుకోండి. ఆ డబ్బులో ఒక వాటా గని ఊళ్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు పోయి ఉంటే ఈ చర్చలో సగం ఫిర్యాదులు ఉండేవి కావు. ఎవరూ దొంగతనం చేయలేదు. ఒక శాఖ అవసరం ఇంకో శాఖ హామీని మింగేసింది, అంతే.

సింగరేణి బిడ్డ
ఇది మా సంఘం మీటింగులో చదివి వినిపిస్తాను.

మ్యూనిక్ మామయ్య
జర్మనీలో బాల్కనీకి రెండు ప్యానెళ్లు తగిలించి ప్లగ్గు గోడకు పెట్టుకోవచ్చు, 800 వాట్ల వరకు. వెబ్‌సైటులో నమోదు చేస్తే చాలు, ఎవరూ రారు, చూడరు. విధానం అంటే అలా ఉండాలి.

విజయనగరం వదిన
మా బాల్కనీలో వడియాలకే చోటు లేదు మామయ్యగారూ.

గోదారి గట్టు
మామయ్యగారూ, అంత గొప్ప విధానం ఉన్న దేశం 2022లో రష్యా గ్యాసు ఆగిపోతే ఎందుకు గిలగిలలాడింది? బొగ్గు కేంద్రాలు మళ్లీ ఎందుకు వెలిగించారు?

మ్యూనిక్ మామయ్య
నిజమే, ఆ చలికాలం హీటరు తిప్పాలంటే భయపడ్డాం. ఒకే దేశం గ్యాసు మీద ఆధారపడటం తెలిసి చేసిన తప్పు. అది కూడా విధానమే, చెడ్డ విధానం.

గోదారి గట్టు
గ్యాసు సంగతి మేము మీకంటే ముందే చూశాం. కృష్ణా గోదావరి బేసిన్‌లో అక్షయపాత్ర దొరికిందన్నారు. దాన్ని నమ్ముకుని వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి, ఇలా వరసగా గ్యాసు విద్యుత్ కేంద్రాలు లేచాయి. 2011 తర్వాత అక్కడి రిలయన్స్ డీ6 క్షేత్రంలో గ్యాసు పడిపోయింది. ఉన్న గ్యాసు ఎవరికి ముందు ఇవ్వాలి, ఎరువులకా, వంటకా, కరెంటుకా అన్నది మంత్రుల సాధికార బృందం, పెట్రోలియం శాఖ తేల్చాయి. కేంద్రాలు కట్టుకోమన్నది విద్యుత్ వ్యవస్థ, అప్పులిచ్చింది బ్యాంకులు. దేశం మొత్తం మీద పధ్నాలుగు వేల మెగావాట్లు చేతులు ముడుచుకుని కూర్చున్నాయి. అటు వెళ్లే బస్సులోంచి చూస్తే పొగ లేని చిమ్నీలు కనిపిస్తాయి. మా కోనసీమ కింద నుంచి గ్యాసు పోతుంది, 2014 జూన్‌లో నగరం గ్రామంలో పైపు పేలి మనుషులు కాలిపోయారు. ప్రమాదం మాది, గ్యాసు ఇంకెవరిదో.

మొండి వాదం
ఇదంతా విన్నాక నా అనుమానం ఇంకా బలపడింది. ఢిల్లీలో ఒకే చోట అంతా తేల్చితే తప్పు కూడా ఒకే చోట, పెద్దదిగా జరుగుతుంది. విద్యుత్తు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, కారణం లేకుండా పెట్టలేదు. 2020 తర్వాత రాష్ట్రాలకు అదనపు అప్పు కావాలంటే విద్యుత్ సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆంధ్ర ఒప్పుకుని శ్రీకాకుళంలో మోటార్లకు మీటర్లు మొదలుపెట్టింది, తెలంగాణ ససేమిరా అంది. జాతీయ విధానం వస్తే ఇలాంటి మెడ మీద కత్తి రాష్ట్రాలకు రోజూ ఉంటుంది.

పాత ఏఈ
రాష్ట్రాల స్వేచ్ఛ మంచిదే, కానీ దాన్ని మనం ఎలా వాడామో కూడా చూడాలి. ఆంధ్రలో 2019లో ప్రభుత్వం మారగానే పవన, సౌర ఒప్పందాల ధరలు తిరగదోడతామని కమిటీ వేశారు. బకాయిలు ఆగాయి, కేసులు నడిచాయి. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ప్రకారమే కట్టాలని చెప్పింది. ఈ మూడేళ్లలో ఏ పెట్టుబడిదారుడు మన వైపు ధైర్యంగా చూస్తాడు? ఇంకోవైపు ప్రభుత్వం బాధ కూడా అర్థం చేసుకోవాలి. 2010 ప్రాంతంలో యూనిట్ పది రూపాయలు దాటిన సోలారు 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99కి వచ్చింది. పాతికేళ్ల ఒప్పందాన్ని ఖరీదు రోజుల్లో రాసుకున్నవాడు ఏం చేయాలి? ధర పడిపోయినప్పుడు పాత ఒప్పందాల భారం కేంద్రం, రాష్ట్రం, కంపెనీ ఎలా పంచుకోవాలో ముందే రాసి ఉంటే కోర్టు దాకా వెళ్లేది కాదు. జాతీయ విధానంలో నేను కోరుకునేది ఇదే, నినాదాలు కాదు.

విజయనగరం వదిన
ఇంతసేపూ అందరూ కరెంటే మాట్లాడారు. ఇంట్లో పొయ్యి ఎవరూ వెలిగించరా? దేశంలో వాడే మొత్తం శక్తిలో కరెంటు వాటా ఐదో వంతే అని మా అబ్బాయి పాఠంలో ఉంది. మిగిలినది పెట్రోలు, డీజిలు, బొగ్గు, గ్యాసు, పుల్లలు.

ఉజ్జ్వల కింద మా పనమ్మాయికి సిలిండరు వచ్చింది. పండక్కి, చుట్టాలు వచ్చినప్పుడు దాని మీద వండుతుంది. మిగతా రోజులు సరుగుడు పుల్లలే, స్నానానికి నీళ్లు కాచేది వాటితోనే. రీఫిల్లుకు ఒక్కసారే అంత డబ్బు తీయాలి కదా. మరి ఇండక్షన్ పొయ్యి కొనుక్కోవచ్చు కదా అని నేనే సలహా ఇచ్చాను. వాళ్ల వీధిలో సాయంత్రం ఏడింటికి వోల్టేజి ఎంత పడిపోతుందంటే, పాలు పొంగే లోపు పొయ్యి మూడుసార్లు కూత పెట్టి ఆగిపోతుంది. వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే. కరెంటు పొయ్యికి మారితే దేశానికి డాలర్లు మిగులుతాయి, కానీ ఆ లాభం పెట్రోలియం శాఖది, ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు డిస్కముది. ఎవరు చేస్తారు?

లెక్కల మాస్టారు
వదినగారు ఒక్క పేరాలో నా మొత్తం వాదాన్ని నాకంటే బాగా చెప్పారు. దీనికి తోడు ఇంకో మాట. 2025 మధ్యలో మన విద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం (బొగ్గు, గ్యాసు, చమురు కానిది) అయిందని ప్రకటించారు, 2030 గడువుకు అయిదేళ్లు ముందే. నిజమే, మెచ్చుకోవాల్సిందే. కానీ తీగల్లో పారే యూనిట్లలో ఇప్పటికీ దాదాపు డెబ్బై శాతం బొగ్గుదే. మధ్యాహ్నం సోలారు ఎక్కువై కొన్నిచోట్ల ఉత్పత్తి తగ్గించమంటున్నారు, వదినగారి ఏడు గంటలకు మాత్రం అది లేదు.

సింగరేణి బిడ్డ
ఆ ఏడు గంటల కరెంటు మేము ఇస్తున్నాం, మర్చిపోకండి.

పాత ఏఈ
నిల్వ సంగతి మనవాళ్లు ఎప్పుడో ఆలోచించారు. నాగార్జునసాగర్‌లో ఏడు యూనిట్లు వెనక్కి కూడా తిరిగే టర్బైన్లే, శ్రీశైలం ఎడమగట్టున ఆరు. రాత్రి మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి పగలు దింపడానికి కట్టారు. సాగర్‌లో కింద నీళ్లు నిలవడానికి టెయిల్‌పాండ్ డ్యామ్ ఏళ్ల తరబడి పూర్తికాలేదు. టర్బైన్లు ఉన్నాయి, తోడడానికి కింద నీళ్లు లేవు. ఆ తర్వాత రెండు రాష్ట్రాల నీటి తగాదా. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో ప్రైవేటువాళ్లు అదే పని కొత్తగా చేస్తున్నారు, సౌర, పవన, పంప్డ్ స్టోరేజి మూడూ ఒకచోట.

ఓర్వకల్లు దారి
పిన్నాపురం పేరు వచ్చింది కాబట్టి మా మాట. పక్కనే గని, శకునాల అనే ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలారు పార్కు 2017 నుంచి ఉంది. రోడ్డు మీద నుంచి చూస్తే నల్లని చెరువులా ఉంటుంది. కంచె అవతల గొర్రెలు మేసేవి, ఇప్పుడు కంచె పొడుగునా చుట్టి వెళ్లాలి. కర్ణాటకలోని పావగడ సోలారు పార్కుకు మన తెలుగు రైతులు కూడా భూమి అమ్మకుండా ఎకరానికి ఏడాదికి ఇరవై ఒక్క వేల చొప్పున కౌలుకు ఇచ్చారు. భూమి ఉన్నవాడు బాగున్నాడు. కలుపు తీసే కూలీకి, గొర్రెలు కాసేవాడికి ఏ ఒప్పందంలోనూ పేరు లేదు. ఈ ముక్క రాయని విధానం నాకు వద్దు.

మొండి వాదం
సరే, ఒక మెట్టు దిగుతాను. పార్లమెంటు చట్టంగా వస్తే, రాష్ట్రాలకు అందులో ఓటు ఉంటే, గడువు తప్పితే ఎవరు జవాబు చెప్పాలో పేరు పెట్టి రాస్తే అప్పుడు చూద్దాం. అంతవరకు నా సంతకం లేదు.

గోదారి గట్టు
మీ సంతకం కోసమే ఢిల్లీ ఆగింది.

పాత ఏఈ
ఢిల్లీ సంగతి తర్వాత. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏటా డిస్కముల ఖర్చుల లెక్క మీద బహిరంగ విచారణ పెడుతుంది. నవంబరు చివరికి డిస్కములు లెక్కలు దాఖలు చేస్తాయి, సాధారణంగా జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో విచారణ ఉంటుంది. ఎవరైనా అభ్యంతరం రాయవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ హాల్లో వెనక వరసలు ఖాళీగా ఉండేవి. ముందు వరసలో పరిశ్రమల వకీళ్లు, మాట్లాడేవాళ్లలో రైతు సంఘాల పెద్దలు ఇద్దరు ముగ్గురు. వ్యవసాయ ఫీడర్లకు పగటి సోలారు, ఇంటి సోలారున్న వీధుల్లో ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు, ఈ రెండింటి మీద ఇక్కడి నుంచే ఒక కాగితం తయారు చేద్దాం. రెండు రాష్ట్రాలకు రెండు ప్రతులు.

లెక్కల మాస్టారు
అంకెలు నేను సరిచూస్తాను.

విజయనగరం వదిన
పొయ్యి కూడా రాయండి.

పాలమూరు రైతు
జనవరి అంటే మాకు యాసంగి నాట్లు. పగలు విచారణకు వస్తే మడికి నీళ్లు ఎవరు పెడతారు? తెలుగులో రాసి పోస్టులో పంపితే తీసుకుంటారా? తీసుకుంటే ఇది కూడా చేర్చండి. మా దగ్గర ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే రైతులమే తలా ఇంత వేసుకుని, ట్రాక్టరు మీద ఎక్కించుకుని రిపేరు షెడ్డుకు తీసుకెళతాం. దింపడానికి హమాలీ కూలి, తిరిగి ఎక్కించడానికి ఇంకో కూలి. దానికి రశీదు ఎవరూ ఇవ్వరు, కాబట్టి మీ డిస్కము లెక్కల్లో ఆ ఖర్చు ఎక్కడా కనిపించదు.

పాత ఏఈ
తీసుకుంటారు. ట్రాక్టరు కిరాయి ఎంతో కూడా రాయండి.